గడియ పెట్టని తలుపు

అనకాపల్లి,
22 జూన్ 2003.

ప్రియమైన పద్మకుమారీ,

నువ్వడిగిన రోము నోట్సు సగం రాశాను. ఈ కవరులో ఉంది. నీ లెక్చరర్ పరీక్షకి ఈ సగమే ముఖ్యం. పెద్దింటివాళ్ళకీ సామాన్యులకీ తగవు, సామాన్యులు తమకంటూ అధికారుల్ని తెచ్చుకోవడం ఇందులోనే వస్తాయి. మీ కొండ మీదికి పోస్టు వారానికి ఒకసారే వస్తుందన్నావు. అందుకే వానలు ముదరకముందే వేసేస్తున్నాను.

ఇది రాస్తుండగా ఒకటి జరిగింది. నీకు తప్ప ఎవరికి చెప్పినా నవ్వుతారు. అమ్మ పనిచేసే జగదీశ్వరరావు గారి బెల్లం గోదాముకి మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్తాను కదా. ఇప్పుడు సీజన్ కాదు. ఆడవాళ్ళు నీడన కూర్చుని పాత దిమ్మలకి గోనె మారుస్తున్నారు. నా చేతిలో కాగితాలు చూసి కాసులమ్మత్త ఏమిటా రాత అంది. చెప్పాను. ఆ ఊళ్ళో సామాన్యులు దున్నేవారు, యుద్ధాలకి వెళ్ళేవారు, మాట మాత్రం చెల్లేది కాదు. ఒకరోజు అందరూ ఊరు వదిలి ఒక కొండెక్కి కూర్చున్నారు. పెద్దింటివాళ్ళకి పొయ్యి రాజెయ్యడానికి మనిషి లేడు, కత్తి పట్టడానికి మనిషి లేడు. వాళ్ళే కొండ దగ్గరకి వచ్చి బతిమాలుకున్నారు. అప్పుడు సామాన్యులు తమలోంచే ట్రిబ్యూన్లని పెట్టుకుని దిగారు. ట్రిబ్యూన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అతని ఇంటి తలుపు పగలూ రాత్రీ తెరిచే ఉండాలి, ఎవరికి ఆపద వచ్చినా నేరుగా లోపలికి రావాలి. పెద్దల ఆజ్ఞకి అడ్డం నిలబడి అతను 'కూడదు' అంటే అది అక్కడితో ఆగిపోతుంది.

సీతాలమ్మ పిన్ని నవ్వి, "ఆ ఊరికి ఏ బస్సెక్కాలే?" అంది. అందరూ నవ్వారు. దేముడమ్మ నవ్వలేదు. గోనెసంచి పక్కన పెట్టి, "ఆళ్ళకి కొండుంది. మనకి నేదా ఏటి?" అంది.

దేముడమ్మ సంగతి నీకు తెలియదు. పోయిన సీజన్ ఆఖర్లో దిమ్మల బుట్ట నెత్తిన పెట్టుకుని గోదాము మెట్ల మీద జారింది. తుంటి విరిగింది. గోదాములో మోత మోసే మగ కళాసీలకి ఇత్తడి బిళ్ళలున్నాయి, నంబరుంది, దెబ్బ తగిలితే గోదామే వైద్యం చేయించాలి. ఆడవాళ్ళకి బిళ్ళ లేదు. ఇరవయ్యేళ్ళు మోసినా లేదు. ఆవిడ ఇంట్లో జారిపడిందని ఆసుపత్రిలో గోదాము గుమాస్తా రాయించాడు. ఎముక వంకరగా అతుక్కుంది. ఇప్పుడు కూర్చుని చేసే పనికి మాత్రమే రానిస్తున్నారు.

ఆ మాట దగ్గర మొదలై, పది రోజుల్లో నలుగురు పెద్దల్ని ఎన్నుకోవడం దాకా వచ్చింది. కాసులమ్మత్త, సీతాలమ్మ పిన్ని, దేముడమ్మ, నాలుగో మనిషిని నేను. బుట్ట మొయ్యనిదాన్ని నేనెలా ఉంటానని అడిగాను. చదువుకున్న మనిషి ఒకర్తి ఉండాలన్నారు. ఒక నియమం నేనే పెట్టించాను. నలుగురిలో ఒక్కరు కూడదన్నా ఆ పని చెయ్యకూడదు. నెమ్మదస్తురాలి మాట ముగ్గురి గొంతుల్లో మునిగిపోకూడదని.

అమ్మ ఏం చేసిందో చెప్తే నవ్వుతావు. ట్రిబ్యూను తల్లినని, ఆ రోజు నుంచి మా ఇంటి తలుపుకి గడియ పెట్టడం మానేసింది. పిల్లి రెండుసార్లు పాలు తాగింది.

నీ
నూకరత్నం


పాడేరు,
11 జూలై 2003.

రత్నం,

నోట్సు అందింది. తడిసింది గానీ అక్షరాలు చెరగలేదు. పిల్లి సంగతి మా నాన్న పోతన్నకి చదివి వినిపిస్తే, ఆ అనకాపల్లి పిల్లికి మీ రాజ్యాంగం బాగా కలిసొచ్చిందన్నాడు.

కానీ నీ నియమం మీద నాకో అనుమానం. కూడదన్న మనిషి ఎందుకు కూడదంటోందో చెప్పాలా, అక్కర్లేదా? మా ఊళ్ళో కూడా అందరూ ఒప్పుకోందే ఏ పనీ మొదలవదు. పోడు ఎక్కడ కొట్టాలన్నా అంతే. కాకపోతే వద్దన్నవాడు అందరి మధ్య నిలబడి కారణం చెప్పాలి. చెప్పిన కారణం నిలవకపోతే ముసలివాళ్ళు నవ్వి పంపేస్తారు. మీవాళ్ళు నిన్ను చూసి నవ్వుతారా? నవ్వరనుకుంటాను. నువ్వు ఎం.ఏ. చదివినదానివి.

రెండో సగం తొందరగా పంపు. నువ్వు మంచి చోట ఆపావు. మంచి చోట ఆగిన చరిత్రంటే నాకు నమ్మకం లేదు.

పద్మ


అనకాపల్లి,
14 సెప్టెంబరు 2003.

ప్రియమైన పద్మా,

రెండో సగం ఇదిగో. రాస్తుంటే మనసు కొంచెం చెడింది. పెద్దింటివాళ్ళు ట్రిబ్యూన్లకి విరుగుడు కనిపెట్టారు. ట్రిబ్యూన్లు పదిమంది అయ్యారు కదా, అందర్నీ లొంగదీసుకోవడం దేనికి? ఒక్కణ్ణి మంచి చేసుకుంటే చాలు. వాడు లేచి తనవాళ్ళకే కూడదంటాడు. సామాన్యుల ఆయుధం సామాన్యులకే తగిలేది. తర్వాత్తర్వాత సామాన్యుల్లో కలిగినవాళ్ళు పెద్ద పదవుల్లోకి ఎక్కి, పెద్దింటివాళ్ళతో వియ్యమంది, కొత్త పెద్దింటివాళ్ళయ్యారు. బీదవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే. ఈ భాగం గోదాములో చెప్పలేదు. ఉత్సాహం పోతుందని.

ఉత్సాహం నువ్వు చూడాలి పద్మా. డిసెంబరులో సీజన్ మొదలయ్యే రోజు నలభైమందీ గోదాముకి వెళ్ళకుండా బొజ్జన్నకొండ దగ్గరకి పోయి కూర్చుంటారు. సీజన్ మొదటి రోజు బళ్ళు వరసకట్టి నిలబడితే, దిమ్మ దించే చేతులు లేకపోతే, జగదీశ్వరరావు గారు గంట కూడా తట్టుకోలేరు. ఒకటే కోరిక, ఆడవాళ్ళకి బిళ్ళలు. దేముడమ్మని నులకమంచం మీద మోసుకెళ్తామన్నారు. "మోత్తే సాలదు, గొడుగు కూడా పట్టాల," అంది ఆవిడ. సీతాలమ్మ పిన్ని అప్పుడే ఏ వంట పట్టుకెళ్ళాలో పంచేసింది. ఇది సమ్మెకి వెళ్ళడంలా లేదు, పెళ్ళికి తరలినట్టుంది.

ఈ మధ్య పిల్లి రావడం లేదు. తలుపు మాత్రం తెరిచే ఉంటోంది. నిన్న పక్కవీధి కోడలు ఏడుస్తూ నేరుగా లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. అమ్మ ఆమెకి అన్నం పెట్టింది.

నీ
రత్నం


అనకాపల్లి,
10 డిసెంబరు 2003.

పద్మా,

ముందు మంచి కబురు. నాకు ఉద్యోగం వచ్చింది. ఊళ్ళోనే జూనియర్ కాలేజీలో హిస్టరీ లెక్చరర్ని. సోమవారం చేరాను. నలభై రెండుమంది పిల్లలు. నల్లబల్ల కొత్తది, సుద్ద జారిపోతోంది. అమ్మ తన గులాబీరంగు చీర ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసి నాకు కట్టబెట్టింది. వీధి చివరిదాకా వచ్చి, కనిపించిన ప్రతివాళ్ళకీ "మా పాప లెచ్చరర్," అని చెప్పింది. మా వంశంలో సంతకం పెట్టేది నేనొక్కర్తినే కదా, ఇప్పుడు హాజరుపట్టీలో పెడుతున్నాను.

కొండ సంగతి ఈ ఏటికి ఆగింది. ఒకరు కూడదన్నారు.

చలి మొదలైంది. మీ దగ్గర ఇంకా ఎక్కువగా ఉంటుంది. పరీక్ష ఎప్పుడు?

రత్నం


పాడేరు,
4 జనవరి 2004.

రత్నం,

ఉద్యోగం వచ్చినందుకు ఇక్కడ మా బడిపిల్లలందరికీ పటికబెల్లం పంచాను. నిజంగా సంతోషించాను. ముందు ఇది నమ్ము, తర్వాత మిగతాది చదువు.

నీ సెప్టెంబరు ఉత్తరంలో అందరి పేర్లూ ఉన్నాయి. ఎవరు వంట పంచారో, ఎవరు గొడుగు అడిగారో అన్నీ రాశావు. డిసెంబరు ఉత్తరంలో 'ఒకరు' అని ఉంది. నలభైమంది ఆరు నెలలు తయారైన పని గురించి రెండు వాక్యాలు, నల్లబల్ల గురించి ఒక వాక్యం.

ఎవరు? కాలేజీ ఎవరిది?

పద్మ


అనకాపల్లి,
20 జనవరి 2004.

పద్మకుమారికి,

కార్డు మీద రాస్తున్నాను, తీరిక లేదు. ప్రతిదాన్నీ పరీక్షపేపరులా దిద్దడం నీకు అలవాటు. సీజన్ మొదట్లో ఆపితే రైతులకి నష్టం, బెల్లం చెమ్మగిల్లుతుంది. ఏ కారణమూ లేకుండా ఎవరూ కూడదనరు. నీ చదువు నువ్వు చూసుకో.

నూకరత్నం


పాడేరు,
8 ఫిబ్రవరి 2004.

రత్నం,

కార్డు పోస్టుమాన్ చదివాడు, బడిలో అయ్యవారు చదివారు, నేను చదివాను. ముగ్గురిలో నేనొక్కర్తినే నిన్ను ఎరుగుదును. నువ్వు కోపంగా ఉన్నప్పుడు ఇంత పొట్టిగా రాయవు.

చెప్పాలనిపించినప్పుడు చెప్పు. కవరులో పెట్టి.

పద్మ


అనకాపల్లి,
22 ఫిబ్రవరి 2004.

పద్మా,

నేనే.

కాలేజీ జగదీశ్వరరావు గారిది.

నవంబరు ఆఖరివారంలో కబురు పెట్టారు. వెళ్ళాను. కుర్చీ వేయించారు. ఆ గోదాములో మా అమ్మ పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది, ఆవిడకి ఎవరూ కుర్చీ వెయ్యడం నేను చూడలేదు. ఆయన కేకలు వెయ్యలేదు, బెదిరించలేదు. మన బెల్లం బజారు పిల్ల ఎం.ఏ. చదవడం తనకి గర్వంగా ఉందన్నారు. కాలేజీలో హిస్టరీకి మనిషి లేరన్నారు. తర్వాత కొండ మాట తనే ఎత్తి ఒక కథ చెప్పారు. "చేతులూ కాళ్ళూ పొట్ట మీద అలిగేయట. మేం కష్టపడితే ఇది కూర్చుని తింటాందని. పొట్టకి కూడు మానేసేయట. నాలుగు రోజులకి చేతులే ముందు చచ్చుబడ్డాయి. నీకు తెలవంది కాదు గదమ్మా," అన్నారు.

నాకు తెలుసు పద్మా. కొండెక్కిన సామాన్యులకి పెద్దింటివాళ్ళ రాయబారి చెప్పిన కథ అది. నేను నీకు పంపిన నోట్సులో నాలుగో పేజీలో ఉంది, కింద గీత కూడా గీశాను. జగదీశ్వరరావు గారు ఆ పుస్తకం చదివి ఉండరు. అలాంటి కథ ఎవరికి కావాలో వాళ్ళకి దానంతట అదే పుడుతుంది కాబోలు. తెలిసి కూడా తలూపాను. ఆయన చివర్న ఒక్కమాటే అన్నారు. ఎనిమిదో తారీఖు సోమవారం సీజన్ సజావుగా మొదలైతే, ఆ రోజే వచ్చి చేరమన్నారు. కూడదని చెప్పమని అనలేదు. నా నోట్లో ఆయన ఏ మాటా పెట్టలేదు. ఆ మాట నేనే వెతుక్కున్నాను.

ఏడో తారీఖు ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే కూర్చున్నారు. తెల్లారితే కొండకి వెళ్ళాలి. నులకమంచం అప్పటికే మా వాకిట్లో ఉంది, దానికి కొత్త తాడు బిగించారు. అప్పుడు నేను లేచి కూడదన్నాను. రైతులు, చెమ్మ, సీజన్ అయ్యాక అడగడం మేలు, ఇలా చాలా చెప్పాను. ఎవరూ కారణం అడగకుండానే చెప్పాను.

వాళ్ళు వాదించి ఉంటే బాగుండును. సీతాలమ్మ పిన్ని మిగతావాళ్ళ మొహాలు చూసింది. దేముడమ్మ కిందకి చూసింది. కాసులమ్మత్త అంది, "రత్నం కూడదన్నాదంటే పుస్తకంలో ఏదో ఉండే ఉంటాది. మనకేటి తెలుసు." నేను నేర్పిన నియమానికి తలవంచి అందరూ లేచి వెళ్ళిపోయారు. నీ ప్రశ్న ఆ క్షణాన గుర్తొచ్చింది. నన్ను చూసి నవ్వే ముసలివాళ్ళు మా దగ్గర లేరు.

మర్నాడు ఒకే సమయానికి అమ్మా నేనూ ఇంట్లోంచి బయల్దేరాం. నేను ఆవిడ చీర కట్టుకుని, ఆవిడ బుట్ట పట్టుకుని.

అమ్మచేత ఆ బుట్ట దింపించాలనే చేశానని రోజూ నాకు నేను చెప్పుకున్నాను. అమ్మ బుట్ట దించలేదు. జనవరిలో జగదీశ్వరరావు గారు తోపుడు బళ్ళూ బయటినుంచి కొత్త మగ కళాసీలనీ తెచ్చారు, వాళ్ళకి వచ్చిన రోజే బిళ్ళలిచ్చారు. ఆడవాళ్ళలో సగంమందిని రావద్దన్నారు, దేముడమ్మని మొదట. ఇప్పుడు వీళ్ళు కొండెక్కినా ఆయనకి బండి ఆగదు. ఆ ఒక్క రోజే రోజు.

తలుపు ఇంకా తెరిచే ఉంటోంది. పని పోయినవాళ్ళు వచ్చి నా ఎదుట కూర్చుని, ఏం చెయ్యమంటావు రత్నం అని అడుగుతున్నారు. పోయినవారం దేముడమ్మ కర్ర ఊనుకుంటూ వచ్చి, నువ్వు ఆపబట్టి సరిపోయింది, లేపోతే అందరి పనీ పోయేది అంది. ఆ మాటకి నేను మంచినీళ్ళిచ్చాను.

క్లాసులో వచ్చేవారం రోము మొదలుపెట్టాలి.

రత్నం


పాడేరు,
7 మార్చి 2004.

రత్నం,

ఉత్తరం రెండుసార్లు చదివి పెట్టెలో అడుగున పెట్టాను. నీ మీద కోపం రాలేదు, అదే నాకు భయం వేసింది. ఆ కుర్చీ నాకు వేసి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. మా ఇంట్లోనూ సంతకం పెట్టేది నేనొక్కర్తినే.

కానీ నేను క్షమించి ఏం లాభం? నువ్వు కూడదన్నది నాకు కాదు. రెండో సగం నాకు పంపావు, వాళ్ళకి చెప్పలేదు. ఒక్కణ్ణి పట్టుకునే ఉపాయం వాళ్ళకి ముందే తెలిసుంటే, ఆ ఆదివారం ఒక్కరైనా నీ మొహంలోకి సూటిగా చూసేవారు.

వాళ్ళకి మిగతా సగం బాకీ ఉన్నావు. మా దగ్గర ఒక మాటుంది. తప్పు ఇంకొకరి నోట వింటే పగ, చేసినవాడి నోట వింటే కబురు. ఇంకొకరు చెప్పేదాకా ఉండకు.

పద్మ


అనకాపల్లి,
4 ఏప్రిల్ 2004.

పద్మా,

చెప్పాను.

నూకాలమ్మ జాతర సందడి తగ్గాక, పోయిన ఆదివారం మధ్యాహ్నం అందర్నీ మా వాకిట్లోకి పిలిచాను. పనిలో ఉన్నవాళ్ళూ పోయినవాళ్ళూ ముప్పైమంది దాకా వచ్చారు. ముందు రోము మిగతా కథ చెప్పాను. పదిమందిలో ఒక్కణ్ణి పట్టుకోవడం దగ్గరకి వచ్చేసరికి సీతాలమ్మ పిన్ని, "ఆడెవడో ఆడికి పుట్టగతులుంటాయా," అంది. అప్పుడు, మన దగ్గర అది నేను, అన్నాను. కుర్చీ సంగతి, కథ సంగతి, సోమవారం సంగతి వరసగా చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు.

కాసులమ్మత్త ఒక్కటే అడిగింది.

"అయితే పుస్తకంలో నేదా?"

లేదన్నాను.

ఆవిడ తలూపి కొంగు సర్దుకుంది. తిడతారని సిద్ధపడి ఉన్నాను పద్మా, ఎవరూ తిట్టలేదు. దేముడమ్మ నా వైపు చూడకుండా కర్ర కొసతో మట్టిలో గీతలు గీస్తూ కూర్చుంది. ఆవిడ ఆ రోజు నాకు చెప్పిన మంచిమాట ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి, అది ఎలా తీసుకోవాలో ఆవిడకి తెలియడం లేదు.

పెద్దరికం వదిలేస్తున్నానన్నాను. అది నేను చెప్పకముందే పోయిందని వాళ్ళ మొహాలే చెప్పాయి. ఇంకొకటి కూడా అన్నాను. కాలేజీ మానేసి, వచ్చే సీజన్‌కి మీతో బుట్ట మోస్తానని. ఆ మాట మూడు వారాలుగా తయారుచేసుకున్నాను. అందులో నాకు ఎంత ఊరటో అనేటప్పుడే తెలిసింది.

అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న అమ్మ లేచింది.

"కూడదు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. మా అమ్మ గట్టిగా మాట్లాడడం వాళ్ళూ ఎప్పుడూ విని ఉండరు.

"నువ్వు బుట్ట మోత్తే నీ బరువు నీకు దిగుద్ది. దేముడమ్మ తుంటి సక్కబడదు. నువ్వెల్లి పాఠాలు సెప్పుకో. ఆడిచ్చిన కుర్సీలో కూకుని రోజూ మమ్మల్ని తలుసుకో."

నా తల్లి పద్మా. వీధి చివరిదాకా వచ్చి మా పాప లెచ్చరర్ అని చెప్పిన తల్లి.

అప్పలనర్సమ్మ ఉండాలంటూ నా స్థానంలో అమ్మని ఎన్నుకున్నారు. అక్కడికక్కడే, నేనక్కడ ఉండగానే. నా నియమం ఉంచారు, మీ ఊరిది కలిపారు. కూడదన్న మనిషి అందరి ముందూ కారణం చెప్పాలి, అది నిలవాలి. మీ ఊరి పద్ధతి నేనే చెప్పాను. ఆ ఒక్క మాట మాత్రం నా దగ్గర పుచ్చుకున్నారు.

ఈ ఉత్తరం అసలు రాస్తున్నది వేరే పని మీద. ఆడవాళ్ళ బిళ్ళల కోసం, పనిలోంచి తీసేసినవాళ్ళ కోసం లేబరు ఆఫీసుకి అర్జీ పెడుతున్నారు. వేలిముద్రలు వేసేవాళ్ళు అందరూ ఉన్నారు. రాసేవాళ్ళు లేరు. నేను రాస్తానన్నాను. దేముడమ్మ ఆ మధ్యాహ్నమంతా అన్నది ఒకటే మాట. "రత్నం సేత్తో వొద్దు." తర్వాత అమ్మ నన్ను అడిగింది, కొండమీద నీ సావాసగత్తె రాస్తుందేమో కనుక్కోమని. వివరాలు అమ్మ చెప్తుంటే వేరే కాగితం మీద రాసి జతచేశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్కమాట కలపలేదు. దేముడమ్మ మెట్ల మీద జారిన తారీఖు కూడా ఉంది. దాన్ని మొదట పెట్టు.

మా ఇంటి తలుపు సంగతి అడగలేదు నువ్వు. గడియ ఇప్పటికీ పెట్టడం లేదు. ఇప్పుడు కూడా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. గుమ్మానికి అడ్డంగా కూర్చుని రాస్తున్నాను కాబట్టి కాస్త జరగమన్నారు. జరిగాను. నా పక్కనుంచి లోపలికి వెళ్ళి, "అప్పలనర్సమ్మొదినా, ఉన్నావా?" అని పిలుస్తున్నారు.

రత్నం